75 జీబీ పెళ్లి వీడియో: ఏ సెట్టింగ్ తిప్పితే సైజు ఎంత తగ్గుతుంది?

మా బావమరిది పెళ్లి వీడియో హార్డ్‌డిస్క్‌లో వచ్చింది. మూడు గంటల ఇరవై నిమిషాలు, ఒకటే ఫైలు, 75 జీబీ. డిస్కు ఇంటికొచ్చిన గంటలోనే కోరికలు మొదలయ్యాయి. అత్తయ్యగారు "పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి, టీవీలో పెట్టుకుంటాం" అన్నారు. డాలస్‌లో ఉన్న మరదలు లింక్ పంపమంది. పెళ్లికొడుకేమో "బావా, క్వాలిటీ మాత్రం తగ్గొద్దు, మా పిల్లలకి కూడా చూపించాలి" అన్నాడు. అలా ఒక్క వీడియోకి మూడు ఫైళ్లు తేలాయి. మూడింటికీ ఒకే సెట్టింగ్ పనికిరాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

"బెస్ట్ సెట్టింగ్ ఏది?" అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. ముందు మీరు తేల్చుకోవాల్సింది ఒకటుంది: కదలకూడనిది సైజా, క్వాలిటీయా? పెన్‌డ్రైవ్‌లో పట్టి తీరాలంటే సైజు ఖాయం, క్వాలిటీ ఎంత వస్తే అంత. బాగుండి తీరాలంటే క్వాలిటీ ఖాయం, సైజు ఎంతైతే అంత. రెండూ కావాలంటే టైమ్ పెట్టాలి, అదీ కొంతవరకే. వీడియోలు కుదించే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో కనిపించే ఆ మీటలన్నీ ఈ మూడింటి మధ్య బేరాలే.

ముందు ఒక్క లెక్క

ఫైలు సైజు అంటే బిట్‌రేట్‌ని, అంటే ఒక్క సెకను వీడియోకి ఖర్చయ్యే బిట్లని, సెకన్లతో గుణించడమే. మూడు గంటల ఇరవై నిమిషాలంటే 12,000 సెకన్లు. సెకనుకి 50 మెగాబిట్ల చొప్పున 6,00,000 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే 75,000 ఎంబీ. అంటే మా ఎడిటర్ 50 దగ్గర పెట్టి రెండర్ కొట్టేశాడన్నమాట. తప్పేం కాదు, చేతికిచ్చే మాస్టర్ కాపీకి అది బాగానే ఉంటుంది. అసలు కుదించకుండా ఉంచితే ఇదే వీడియో, 1080పీ, సెకనుకి 25 ఫ్రేములు, మామూలు 8 బిట్ రంగులతో 930 జీబీ దాటుతుంది. కాబట్టి మీకు "ఒరిజినల్" అని ఇచ్చింది కూడా పన్నెండో వంతుకి నలిగి వచ్చినదే.

ఈ లెక్కలో రిజల్యూషన్, అంటే బొమ్మలో ఎన్ని పిక్సెళ్లన్నది, ఎక్కడా లేదు, గమనించారా? 8 మెగాబిట్లు అని ఖాయం చేశాక 1080పీ అయినా 720పీ అయినా ఈ పెళ్లికి 12 జీబీయే అవుతుంది. "720పీకి తగ్గించాను, అయినా సైజు తగ్గలేదేంటి?" అని వాపోయేవాళ్లందరూ దాదాపు ఇక్కడే జారిపడతారు. రిజల్యూషన్ తగ్గిస్తే అదే బిట్‌రేట్ తక్కువ పిక్సెళ్లకు పంచుతారు, బొమ్మ శుభ్రంగా వస్తుంది. సైజు తగ్గాలంటే బిట్‌రేట్ తగ్గాలి, మిగతావన్నీ ఆ తగ్గింపు కంటికి తెలియకుండా చేసే ఉపాయాలు.

క్వాలిటీ ఖాయం చేయడమా, సైజు ఖాయం చేయడమా

అసలు నిర్ణయం ఇక్కడే ఉంది. వీడియోని కుదించి రాసే ఎన్‌కోడర్ పని ఎలా చేస్తుందో మన పెళ్లిలోనే చూడొచ్చు. జీలకర్ర బెల్లం పెట్టే సమయం. ఇద్దరి చేతులూ ఎదుటివాళ్ల తలల మీద ఉన్నాయి, మధ్యలో అడ్డుతెర, కెమెరా స్టాండ్ మీద ఉంది. ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ పెద్ద తేడా లేదు. ఎన్‌కోడర్ మొదటి ఫ్రేమును పూర్తిగా రాసుకుని, ఆ తర్వాత "ఇందాకటిదే, పురోహితుడి చెయ్యి మాత్రం ఇటు జరిగింది" అని రాసుకుంటూ పోతుంది. బిట్లు ఎంత తక్కువ ఇచ్చినా చాలు.

పావుగంట తర్వాత తలంబ్రాలు. దోసెడు బియ్యంలో ప్రతి గింజా ఒక్కో దారిన ఎగురుతుంది, వాటి మధ్య తళుకు ముక్కలు, పైన పూలరేకులు. ఇవి చాలవన్నట్టు ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు. ఫ్లాష్ వెలిగిన ప్రతిసారీ ఫ్రేమంతా తెల్లబడుతుంది, ఇందాకటి ఫ్రేముతో పోల్చుకోవడానికి ఏమీ మిగలదు, మళ్లీ మొదటినుంచి రాయాలి. పెళ్లి మొత్తంలో ఎన్‌కోడర్‌కి ఇంత కష్టమైన చోటు ఇంకోటి లేదు. బిట్లు చాలకపోతే వధువు మొహం మీద నలుచదరపు గళ్లు తేలతాయి, గోరింటాకు గీతలన్నీ అలుక్కుపోయి అరచేయి ఎర్రటి ముద్దలా కనిపిస్తుంది.

స్థిర బిట్‌రేట్ పెడితే ఈ రెండు చోట్లకీ ఒకటే పంపకం. జీలకర్ర బెల్లం దగ్గర దండగ, తలంబ్రాల దగ్గర కరువు. ఈ పద్ధతి లైవ్‌కి సరిపోతుంది. ముహూర్తాన్ని యూట్యూబ్ లైవ్‌లో పెట్టేటప్పుడు నెట్ లైను ఎంత మోయగలదో ముందే తెలియాలి కాబట్టి అక్కడ స్థిరంగా ఉండటమే మేలు. దాచుకునే ఫైలుకి మాత్రం దాని జోలికి పోవద్దు.

క్వాలిటీని ఖాయం చేసే సీఆర్‌ఎఫ్ పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్‌లో దీన్ని ఆర్‌ఎఫ్ అంటారు. "నాకు ఈ మాత్రం క్వాలిటీ కావాలి, ఏ చోటికి ఎంత అవసరమో అంత వాడుకో" అని చెప్పడం. హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో రాసే ఎక్స్264 ఎన్‌కోడర్‌లో దీనికి 0 నుంచి 51 దాకా అంకెలున్నాయి. అంకె తగ్గితే క్వాలిటీ పెరుగుతుంది, కొత్తవాళ్లను ఇదే తికమక పెడుతుంది. ఏమీ మార్చకపోతే 23 ఉంటుంది. ఆరు అంకెలు దిగితే సైజు సుమారుగా రెట్టింపు, ఆరు ఎక్కితే సగం. అంటే ఒక్కో అంకెకీ దాదాపు 12 శాతం. 23 నుంచి 21కి వస్తే ఫైలు పావు వంతు పెరుగుతుందని ముందే అంచనా వేసుకోవచ్చు. 1080పీకి 20 నుంచి 24 మధ్యలో, 4కెకి 22 నుంచి 28 మధ్యలో ఉండమని హ్యాండ్‌బ్రేక్ వాళ్ల సలహా. పెళ్లిళ్లకు నేను 21 పెడతాను. 18 పెట్టినవాళ్లు టీవీకి రెండడుగుల దూరంలో కూర్చుని చూస్తారేమో నాకు తెలియదు.

సీఆర్‌ఎఫ్‌తో చిక్కు ఏంటంటే ఫైలు ఎంతవుతుందో ముందే చెప్పలేం. పురాణ ప్రవచనానికి 21 పెడితే వచ్చే సైజుకీ, బారాత్ డాన్సులకి 21 పెడితే వచ్చే సైజుకీ పొంతన ఉండదు. అందుకే పెన్‌డ్రైవ్ లాంటి చోట రెండు పాస్‌ల పద్ధతి వాడాలి. సగటు బిట్‌రేట్ చెప్పి, మల్టీ పాస్ టిక్ పెడతాం (పాత వెర్షన్లలో దాని పేరు 2 పాస్). మొదటి పాస్‌లో వీడియో అంతా చూసి ఏ చోట కష్టమో రాసుకుంటుంది, రెండో పాస్‌లో ఉన్న మొత్తాన్ని అందుకు తగ్గట్టు పంచుతుంది. సైజు మన లెక్కకి చాలా దగ్గరగా వస్తుంది, టైమ్ మాత్రం ఎక్కువ తీసుకుంటుంది. ఒక్క పాస్‌తో సగటు బిట్‌రేట్ పెట్టడం మాత్రం రెంటికీ చెడ్డ రేవడి. ముందు తలంబ్రాలు ఉన్నాయని దానికి తెలియదు.

రెండు పాస్‌లు పెడితే సీఆర్‌ఎఫ్ కన్నా క్వాలిటీ ఎక్కువ వస్తుందని చాలామంది అనుకుంటారు. ఫైలు సైజు చివరికి ఒకటే అయితే రెంటికీ కంటికి తేడా ఉండదు. ఎంత పట్టాలో తెలిసినప్పుడు రెండు పాస్‌లు, తెలియనప్పుడు సీఆర్‌ఎఫ్, అంతే.

ప్రీసెట్: ఓపికకి ఇచ్చే డిస్కౌంట్

అల్ట్రా ఫాస్ట్, వెరీ ఫాస్ట్, మీడియం, స్లో, వెరీ స్లో. వీటిని క్వాలిటీ మెట్లు అనుకోవద్దు. ఫ్రేముల మధ్య పోలికలు వెతకడానికి ఎన్‌కోడర్‌కి మీరిచ్చే టైమ్ ఇది. ఎక్కువ వెతికితే పోలికలు ఎక్కువ దొరుకుతాయి, తక్కువ బిట్లతో పని జరుగుతుంది. అల్ట్రా ఫాస్ట్‌లో కుదింపుకి పనికొచ్చే పద్ధతులు చాలావరకు కట్టేసి ఉంటాయి, అందుకే అదే సీఆర్‌ఎఫ్‌కి ఫైలు బాగా ఉబ్బుతుంది. ఓసారి తొందరలో అల్ట్రా ఫాస్ట్ పెట్టి, వచ్చిన ఫైలు చూసి "కుదించడానికి ఇచ్చానా, ఉబ్బించడానికి ఇచ్చానా" అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మీడియం నుంచి స్లోకి వెళ్తే లాభం కనిపిస్తుంది. స్లో నుంచి వెరీ స్లోకి పెరిగే టైమ్‌కి తగ్గే సైజు చాలా తక్కువ. ప్లాసీబో (ఉత్తుత్తి మందు) అని ఒకటి ఉంది, దాని పేరే దాని సంగతి చెబుతోంది. రాత్రి పడుకునే ముందు స్లో పెట్టి వదిలేస్తాను, పొద్దున్నే కాఫీ టైమ్‌కి అయిపోయి ఉంటుంది. ఇంకో మాట: వెరీ ఫాస్ట్‌లో ఒక్కోసారి మీడియం కన్నా చిన్న ఫైలు వస్తుంది. సంబరపడకండి, అక్కడ క్వాలిటీ కూడా దిగి ఉంటుంది. ప్రీసెట్ మారితే సీఆర్‌ఎఫ్ అంకెకి అర్థం కూడా కాస్త మారుతుంది.

హెచ్.264, హెచ్.265, ఏవీ1

2003లో వచ్చిన హెచ్.264 ఆడని వస్తువు ఇప్పుడు దొరకడం కష్టం. 2013లో వచ్చిన హెచ్.265 అంటే హెచ్‌ఈవీసీ, అదే క్వాలిటీని సగం బిట్‌రేట్‌తో ఇవ్వాలని చేసినది. 4కెలో ఆ మాటకి దగ్గరగా వస్తుంది, 1080పీలో అంత లాభం రాకపోయినా చెప్పుకోదగ్గంత వస్తుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు ఈ తేడా ఎన్‌కోడ్ చేయకుండానే చూడొచ్చు: 4కెలో 30 ఫ్రేములకి హై ఎఫిషియెన్సీలో నిమిషానికి సుమారు 170 ఎంబీ, మోస్ట్ కంపాటిబుల్‌లో 350 ఎంబీ. మొదటిది హెచ్‌ఈవీసీ, రెండోది హెచ్.264.

అంకెల దగ్గర జాగ్రత్త. హెచ్.265 రాసే ఎక్స్265లో ఏమీ మార్చకపోతే ఉండే 28, ఎక్స్264లోని 23కి ఇంచుమించు సమానం. ఎక్స్264లో 21 అలవాటైంది కదా అని ఎక్స్265లోనూ 21 పెడితే క్వాలిటీ అవసరానికి మించిపోయి, కోడెక్ (కుదింపు పద్ధతి) మార్చిన లాభమంతా పోతుంది. 24, 25 దగ్గర మొదలుపెట్టండి.

ఏవీ1 2018లో వచ్చింది, లైసెన్సు ఫీజుల గొడవ లేకుండా అన్నది దాని ముఖ్య ఉద్దేశం. కుదింపు హెచ్.265 కన్నా మేలు. ఎస్‌వీటీ-ఏవీ1 అనే ఎన్‌కోడర్ వచ్చాక ఎన్‌కోడ్ టైమ్ కూడా భరించేలా అయింది. కానీ పెళ్లి వీడియో మీ లాప్‌టాప్‌లో ఆడితే చాలదు కదా, అత్తయ్యగారి టీవీలో ఆడాలి. వాళ్ల టీవీ 2013లో కొన్నది. హెచ్.265 ప్రమాణం ఖరారైన ఏడూ అదే. ఆ టీవీకి ఆ సంగతి తెలిసే అవకాశం దాదాపు లేదు. అక్కడ హెచ్.264, హై ప్రొఫైల్, 4.1 లెవెల్ (పాత టీవీ ఆడగలిగే హద్దులు ఇవి), 8 బిట్. వేరే ఆలోచన లేదు.

పాత టీవీ గొడవ లేనివాళ్లు హెచ్.265లో 10 బిట్ (ఒక్కో రంగుకి 8 బదులు 10 బిట్లు) పెట్టుకోండి. రిసెప్షన్ స్టేజీ వెనక నీలం నుంచి ఊదాకి మారే లైటింగ్ ఉంటుంది చూశారా, 8 బిట్‌లో అది మెట్లు మెట్లుగా చారలు పడుతుంది. 10 బిట్‌లో ఆ చారలు బాగా తగ్గుతాయి, సైజు మీద పెద్ద భారం పడదు. అదే 10 బిట్ హెచ్.264లో పెడితే మాత్రం టీవీలు చాలావరకు మొరాయిస్తాయి.

గ్రాఫిక్స్ కార్డుతో ఎన్‌కోడ్ చేసే ఎన్‌వెంక్, క్విక్ సింక్ లాంటివి గంటల పనిని నిమిషాల్లో ముగిస్తాయి. అదే సైజులో పోలిస్తే నెమ్మదిగా చేసిన ఎక్స్265 ముందు క్వాలిటీలో వెనకబడతాయి, వాటి క్వాలిటీ అంకెలు కూడా వేరే. వంద క్లిప్పులు ఈ సాయంత్రానికే పంపాలంటే అవే దిక్కు. జీవితంలో ఒక్కసారి చేసే ఫైలుకి అక్కర్లేదు.

చిన్న మీటలు

ఫ్రేమ్ రేట్ 50 నుంచి 25కి దించితే సైజు సగమైపోదు, పక్కపక్క ఫ్రేములు ఎలాగూ దాదాపు ఒకటే కాబట్టి వాటికి పోయే బిట్లు తక్కువే. షూట్ చేసింది 25 అయితే 30కి మాత్రం మార్చకండి, కెమెరా తిప్పినప్పుడల్లా బొమ్మ కుదుపులు పడుతుంది.

కీఫ్రేమ్‌ల (దేనితోనూ పోల్చకుండా పూర్తిగా రాసే ఫ్రేముల) దూరం ఎక్స్264లో మామూలుగా 250 ఫ్రేములు, అంటే మనకి 10 సెకన్లు. దగ్గర దగ్గరగా పెడితే సైజు కొంచెం పెరుగుతుంది, కానీ రిమోట్‌తో ముందుకి దూకించినప్పుడు ఆలస్యం ఉండదు. టీవీ కాపీకి 50 పెట్టాను.

చీకట్లో తీసిన భాగాల్లో కనిపించే సన్నటి చుక్కలు, అంటే నాయిస్, బిట్లను చెదపురుగుల్లా తినేస్తాయి. ప్రతి ఫ్రేములోనూ చుక్కలు చోటు మారతాయి, ఎన్‌కోడర్‌కి అవన్నీ కొత్త సమాచారమే. డీనాయిస్ ఫిల్టర్ తేలిగ్గా పెడితే ఫైలు బాగా తగ్గుతుంది. గట్టిగా పెడితే పట్టుచీర జరీ అంచులోని నేత కూడా చుక్కలతోపాటు కొట్టుకుపోతుంది. ఆ చీర కోసం కంచి దాకా వెళ్లొచ్చినవాళ్లు ఇంట్లో ఉన్నారు కాబట్టి నేను ఆ ఫిల్టర్ ముట్టుకోలేదు.

సౌండ్‌ని ఎవరూ పట్టించుకోరు. కుదించని స్టీరియో పీసీఎం 48 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో ఈ పెళ్లికి 2.3 జీబీ తింటుంది. ఏఏసీ అనే కుదింపులో సెకనుకి 192 కిలోబిట్లు పెడితే 288 ఎంబీ. సన్నాయి, డోలు రెండూ శుభ్రంగా వినిపిస్తాయి.

చివరికి ఏం చేశాను

పెళ్లికొడుకు ఫైలుతో మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని నేను ఏమీ చేయలేదు. కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే పోయేదే తప్ప వచ్చేది ఉండదు. 1 టీబీ డిస్కులో ఇలాంటివి పదమూడు పడతాయి, అతనికి ఉన్నది ఒక్క పెళ్లి. అలాగే రెండు డిస్కుల్లో పెట్టి, ఒకటి అతనికి, ఒకటి మా ఇంట్లో.

పెన్‌డ్రైవ్ దగ్గర అసలు పేచీ వచ్చింది. 32 జీబీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది, అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. పాత టీవీ కాబట్టి ఆ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చే ధైర్యం చేయలేదు. వీడియో అంతా ఒకే ఫైలుగా 4 జీబీలో కూర్చోబెట్టాలంటే సౌండ్‌కి పోగా సెకనుకి 2.5 మెగాబిట్లే దక్కుతాయి. 1080పీలో ఆ బిట్‌రేట్‌తో తలంబ్రాలు చూడలేం, 720పీకి దిగాలి. దానికన్నా మూడు ముక్కలు చేయడం నయమనిపించింది: పెళ్లికొడుకుని చేయడం నుంచి ఎదుర్కోలు దాకా ఒకటి, ముహూర్తం ఒకటి, రిసెప్షన్ ఒకటి. ఒక్కోటి గంటా ఏడు నిమిషాలకు అటూ ఇటుగా, 7.5 మెగాబిట్లతో రెండు పాస్‌లు, సౌండ్‌తో కలిపి ఒక్కో ఫైలు 3.8 జీబీ. 1080పీ కదలలేదు. ఎలాగూ మూడు గంటలు ఎవరూ ఒక్క బిగిన కూర్చుని చూడరు.

మరదలికి గూగుల్ డ్రైవ్‌లో పెడదామంటే ఉచితంగా వచ్చే 15 జీబీలో సగం నా ఫొటోలే ఉన్నాయి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింక్ ఉన్నవాళ్లకే కనిపించేలా) పెట్టాను. యూట్యూబ్ మనం ఏం ఇచ్చినా తన పద్ధతిలో మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది, కాబట్టి అక్కడికి మరీ పిండిన ఫైలు ఇవ్వకూడదు. 1080పీలో 30 ఫ్రేముల లోపు వీడియోకి వాళ్లు సూచించేది 8 మెగాబిట్లు, కొంచెం ఎక్కువే ఉండనివ్వమని 10 పెట్టాను, 15 జీబీ అయింది. మా లైను అప్‌లోడ్ 40 మెగాబిట్లు, యాభై నిమిషాల్లో ఎక్కేసింది. 75 జీబీని నేరుగా ఎక్కిస్తే నాలుగు గంటలు దాటేది. చుట్టాలకి చిన్న క్లిప్పులు వాట్సాప్‌లో పంపేటప్పుడు మాత్రం వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా పోతుంది, మళ్లీ నలగదు.

వీటన్నిటికీ ముందు చేసిన పని ఒకటుంది. 75 జీబీ మొత్తాన్ని ఎన్‌కోడర్‌కి అప్పగించకుండా, మంత్రాల దగ్గర ఒక నిమిషం, తలంబ్రాలు ఒక నిమిషం, రిసెప్షన్ ఎంట్రీలో పొగ వదిలిన నిమిషం, ఈ మూడు ముక్కలే తీసి ప్రయత్నించాను. హ్యాండ్‌బ్రేక్‌లో ఫైలు మొత్తం కాకుండా ఏ సెకను నుంచి ఏ సెకను దాకా కావాలో ఇవ్వొచ్చు. ఆ ముక్కల్ని లాప్‌టాప్‌లో కాకుండా ఆ పాత టీవీలోనే పెట్టి చూశాను. లాప్‌టాప్ పదిహేను అంగుళాల తెర మీద కనపడని గళ్లు నలభై అంగుళాల మీద బయటపడతాయి.

పెన్‌డ్రైవ్ ఇచ్చిన రోజు అత్తయ్యగారు రెండో ఫైలు పెట్టించి, గణపతి పూజ కూడా అవకుండానే "తలంబ్రాలకి పోనివ్వండి" అన్నారు. రిమోట్ నొక్కాను, ఆగకుండా అక్కడికే దూకింది. గింజలు గింజలుగానే ఉన్నాయి.